పాఠం 14: మూడో పుస్తకం మీద కోపం

ఉద్దేశం

ఒక నవల నచ్చితే దాని తరవాతి భాగం కోసం ఎదురు చూస్తాం. తీరా చదివాక "మొదటిదే బాగుంది" అనేస్తాం. ఇది అభిప్రాయం. దీనికి కారణం చేర్చి, ఆ కారణాన్ని పుస్తకంలో చూపగలిగితే అది స్పందన అవుతుంది.

ఈ పాఠం చదివాక మీరు:
• మీరు పెట్టుకొన్న ఆశను, పుస్తకం చెప్పిన విషయాన్ని విడివిడిగా చూడగలుగుతారు.
• మీ స్పందనకు పుస్తకంనుంచి ఆధారం చూపగలుగుతారు.

14.1 నేపథ్యం

రాబోయే కాలంలో సమాజం ఎంత క్రూరంగా మారవచ్చో ఊహించి రాసే నవలలను డిస్టోపియా నవలలు అంటారు. జార్జ్ ఆర్వెల్ '1984' (1949) ఇలాంటిది. అమెరికన్ రచయిత్రి సుజాన్ కాలిన్స్ రాసిన 'ద హంగర్ గేమ్స్' 2008లో వచ్చింది. దాని తరవాత 'క్యాచింగ్ ఫైర్' (2009), 'మాకింగ్‌జే' (2010) వచ్చాయి. పూర్వకథ చెప్పే మరి రెండు నవలలు 2020లోను, 2025లోను వెలువడ్డాయి.

కథలో దేశం పేరు పానెమ్. దాని రాజధాని ఏటా 12 జిల్లాలనుంచి ఒక్కొక్క అబ్బాయిని, ఒక్కొక్క అమ్మాయిని రప్పించి, ఒక్కరు మిగిలేదాకా పోరాడించి, ఆ పోరును టీవీలో చూపిస్తుంది. 12వ జిల్లాలో బొగ్గుగనులున్నాయి. కాట్నిస్ తండ్రి గనిలో పేలుడు జరిగి చనిపోయాడు. చెల్లెలు ప్రిమ్ పేరు చీటీలో వస్తే, ఆమెకు బదులు కాట్నిస్ వెళ్తుంది. మూడో నవలలో ఈ ఆట ఉండదు. జిల్లాలు రాజధానిమీద యుద్ధం చేస్తాయి. చివర ప్రిమ్ చనిపోతుంది.

14.2 ఒక పాఠకురాలి మొదటి చిత్తు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నాయి. బొగ్గు నింపుకొన్న గూడ్సుబళ్ళు ఆ ఊరిమీదుగా పోతుంటాయి. అక్కడి రైల్వే కాలనీలో ఉంటూ ఈ కోర్సు చదివే ఒక అమ్మాయి ఇలా రాసిందనుకొందాం:

"ప్రిమ్‌ను కాపాడడానికే కదా ఈ కథంతా మొదలైంది! చివరికి ఆమెనే చంపేస్తే మేము మూడు పుస్తకాలు చదివింది ఎందుకు? రచయిత్రి మోసం చేసింది."

ఈ కోపం నిజమైనదే. దాన్ని కొట్టివేయకండి. కాని "మోసం" అనే మాటకు ఆధారం ఎక్కడ ఉంది? ప్రిమ్ బతుకుతుందని పుస్తకం మాట ఇచ్చిందా, పాఠకురాలే ఆశపడిందా? ఈ ప్రశ్న వేసుకొని ఆమె నవలను మళ్ళీ చదివింది.

14.3 రెండో చిత్తు

"మొదటిసారి నేను తొందరగా దాటేసిన ఘట్టం ఒకటి ఉంది. రెండో జిల్లాలో శత్రువుల స్థావరం ఒక కొండ లోపల ఉంది. కొండచరియలు కూల్చి లోపలివాళ్ళను పూడ్చేయాలంటాడు కాట్నిస్ స్నేహితుడు గేల్. కాట్నిస్‌కు గనిలో పోయిన తండ్రి గుర్తుకొస్తాడు. చివరికి చరియలు కూలుస్తారు. లోపలివాళ్ళు బయటపడడానికి రైలు సొరంగాన్ని మాత్రం మూయరు. మా నాన్న లోకో పైలట్. కట్నీ దారిలో భన్వర్‌టోంక్ సొరంగం దాటి బండి నడుపుతారు. ఈసారి ఆ పేజీని అంత తేలిగ్గా తిప్పలేకపోయాను.

ప్రిమ్ చావు ఇక్కడే మొదలైంది. పిల్లల మధ్య కొన్ని బాంబులు పేలతాయి. సాయానికి ప్రిమ్, తోటి వైద్యులు పరుగెత్తగానే మిగిలినవి పేలతాయి. సాయానికి వచ్చేవాళ్ళను చంపే ఇలాంటి ఉచ్చును గేల్ ముందే ఆలోచించి ఉన్నాడు. మనవైపువాళ్ళు చేస్తే క్రూరత్వం న్యాయమవుతుందా అని నవల అడుగుతోంది. నా కోపం తగ్గలేదు; అది యుద్ధంమీదికి మళ్ళింది.

అయినా ఒక లోపం చెప్పాలి. రాజధాని ఓడిపోయినప్పుడు కాట్నిస్ గాయాలతో స్పృహలో లేదు. కథ ఆమే చెపుతోంది కాబట్టి ఆ ముఖ్యఘట్టం మనకూ కనిపించదు."

రెండు చిత్తులనూ పోల్చండి. రెండోదానిలో మెప్పు ఉంది, విమర్శ ఉంది. రెండింటికీ ఆధారం ఉంది. పాఠకురాలు తన ఇంటి అనుభవాన్ని కూడా దాచలేదు. అయితే దాన్ని నవలలోని ఘట్టానికి ముడిపెట్టింది.

పాఠంలోని ప్రశ్నలు

1. మొదటి చిత్తులో ఆధారం లేని మాట ఏది?
2. ప్రిమ్ చావుకు పాఠకురాలు ఏ ఘట్టంతో సంబంధం చూపింది?

మీరు చేయవలసిన పని

మీకు నిరాశ కలిగించిన ఒక తరవాతి భాగాన్ని, నవలైనా సినిమా అయినా సరే, ఎంచుకోండి. మీ కోపాన్ని మూడు వాక్యాల్లో రాయండి. వారం ఆగి, ఆ భాగాన్ని మళ్ళీ చదివి లేదా చూసి, రెండో చిత్తు రాయండి. మొదటి చిత్తును చింపేయకండి. మీరు ఎంత దూరం వచ్చారో అదే చెపుతుంది.

జవాబులు

1. "రచయిత్రి మోసం చేసింది."
2. రెండో జిల్లాలో కొండచరియలు కూల్చిన ఘట్టంతో.