వర్గమూలంతో మొదలుపెట్టండి

ప్రశ్న: బీఎస్సీ (ఎంపీసీ) మొదటి సంవత్సరం చదువుతున్నాను. లెక్కలంటే ఇష్టం. ప్రోగ్రామింగ్ కొత్త, ల్యాప్‌టాప్ లేదు. గణిత సమస్యలు సాధించేలా ఎలా నేర్చుకోవాలి?
– ఓ విద్యార్థిని, చెన్నూరు, మంచిర్యాల జిల్లా

జవాబు: లెక్కల మీద ఇష్టమే మీ బలం. పైథాన్ ఎంచుకోండి. వేరియబుల్, ఇఫ్, లూప్, ఫంక్షన్... ఈ నాలుగూ వస్తే సంఖ్యల సమస్యల్లోకి దిగొచ్చు. కోడ్ రాయడానికి ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ సరిపోతుంది. వీలైనప్పుడల్లా కాలేజీ ల్యాబ్‌లో కూర్చోండి.

ముందుగా 2 వర్గమూలం కనుక్కోండి. 1తో మొదలుపెట్టి, ఉన్న విలువకూ, 2ని దానితో భాగిస్తే వచ్చే విలువకూ సగటు తీయండి. 1.5 వస్తుంది. మళ్లీ చేస్తే 1.416667, మూడోసారి 1.414216. అసలు విలువ 1.414214. ఇదే న్యూటన్ పద్ధతి. కాగితం మీద చేశాకే లూప్ రాయండి.

లూప్ ఎప్పుడు ఆపాలన్నది కీలకం. వరుసగా వచ్చిన రెండు విలువల తేడా 0.000001 కన్నా తగ్గితే ఆపండి. దశాంశ సంఖ్యలు సమానమా అని మాత్రం పోల్చొద్దు. పైథాన్‌లో 0.1, 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. ద్విసంఖ్యామానంలో 0.1ని కచ్చితంగా రాయలేకపోవడమే కారణం.

తర్వాత సమీకరణాల మూలాలు కనుక్కొనే బైసెక్షన్, వైశాల్యం లెక్కగట్టే ట్రెపిజాయిడల్ పద్ధతులు నేర్చుకోండి. మీ ఊరి పక్క గోదావరిలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ప్రతి 10 మీటర్లకూ లోతు తెలుసనుకుంటే, నది అడ్డుకోత వైశాల్యాన్ని ట్రెపిజాయిడల్‌తో లెక్కగట్టొచ్చు.

కాస్త పట్టు దొరికాక, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ చెప్పిన ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పైథాన్ పాఠాలు ఉచితంగా వినండి. రోజుకో లెక్క సొంతంగా కోడ్ చేయండి. ఆ సాధనే మిమ్మల్ని నిలబెడుతుంది.