ఓడ అడుగున ఉండవలసిన బరువు



కోరాపుట్, రాయగడ ప్రాంతాలలో పుట్టి పెరిగిన మన పిల్లలలో సముద్రం చూడనివారు అనేకులు. అందుచేత గత సెలవులలో కొందరిని వెంటబెట్టుకొని విశాఖపట్నం వెళ్లాము. కోరాపుట్ వారు అరకు మీదుగా, రాయగడ వారు పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలులో వచ్చి కలిసికొన్నారు.

రామకృష్ణా బీచిలో ఒడ్డున నిలిపియున్న కురుసుర జలాంతర్గామిని చూచాము. సోవియట్ దేశంలో తయారైన ఈ ఓడ 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరి, 31 సంవత్సరాలు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న విరమించినది. 2002 నుండి మ్యూజియంగా ఉన్నది. పొడవు సుమారు 91 మీటర్లు. లోపల ఒక గది నుండి మరొక గదికి గుండ్రని ద్వారంలో వంగి దాటవలెను.

ఒక పాప, “తాతయ్యా, ఇంత ఇనుము మునిగి మళ్లీ ఎలా తేలేది?” అని అడిగినది. ఓడ ప్రక్కల తొట్లలోకి సముద్రపు నీరు రానిస్తే బరువెక్కి మునుగుతుంది. బిగించి దాచిన గాలిని వదలి ఆ నీటిని బయటకు నెట్టితే తేలుతుంది. బరువు ఎంత, ఎక్కడ ఉండవలెనో ఎరిగినవారే దానిని నడపగలరని చెప్పాము.

సాయంకాలం ఇసుకలో కూర్చుండి, ఈ సంగతి మరచిన మరొక ఓడ కథ చెప్పాము. స్వీడన్ రాజు కట్టించిన ‘వాసా’ యుద్ధనౌకకు 64 ఫిరంగులు. పైభాగం బరువు, అడుగున వేసిన రాళ్ల బరువు చాలలేదు. బయలుదేరకముందే 30 మందిని ఒక ప్రక్క నుండి మరొక ప్రక్కకు పరుగెత్తించి పరీక్షించారు. మూడు పరుగులకే ఓడ భయంకరంగా ఊగినది. పరీక్షను ఆపారు గాని ఓడను ఆపలేదు. యుద్ధంలో ఉన్న రాజు తొందరపెట్టుచుండెను. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవులోనే, సుమారు 1300 మీటర్లు సాగి, గాలికి ఒరిగి మునిగినది. దాదాపు 30 మంది చనిపోయారు. విచారణలో ఎవరికీ శిక్ష పడలేదు. 333 ఏండ్ల తర్వాత, 1961లో దానిని పైకి తీశారు. 1990 నుండి అక్కడ దానికొక మ్యూజియం ఉన్నది.

కథ చెప్పుచుండగా మా మాట మాకే తగిలినది. కొన్నేండ్ల క్రిందట మా మందిరంపై మేడ కట్టదలచినప్పుడు వృద్ధుడైన ఒక తాపీమేస్త్రి లేచి, “ఈ పునాది ఒక్క అంతస్తుకే” అన్నాడు. పెద్దలమైన మేము ఆయనను కూర్చోమన్నాము. తరువాత గోడలు బీటలు వారినవి, కట్టినది విప్పించాము. పోయిన డబ్బుకంటె పెద్ద నష్టం ఏమనగా, ఆ మేస్త్రి మరి ఏ సమావేశంలోను నోరు తెరువలేదు. ప్రశ్న అడిగిన పాప ఆయన మనుమరాలే.

తిరిగి వచ్చిన వారంలో ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆయన టీ ఇప్పించి, “ఇప్పుడైనా మెట్లు చూడండి, ఒక ప్రక్క కుంగుచున్నవి” అన్నాడు. చూచి బాగుచేయించాము.

ఆలోచించవలసిన ప్రశ్నలు:
1. వాసా ఊగుట చూచినవారు ఎందుకు ఊరుకొన్నారు?
2. మన సమావేశాలలో మాట మానివేసినవారు ఎవరు? వారి ఇంటికి ఎవరు వెళ్లెదరు?