తీరిక దొరికింది, తోచడం లేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద డాలస్ వచ్చాను. ఖాళీగా కూర్చుంటే తప్పు చేస్తున్నట్టుంది. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, టెక్సస్

జవాబు: ఎనిమిదేళ్లు పరుగులు తీసిన మనిషి కాస్త కూర్చుంటే తప్పేముందమ్మా? ముందు డ్రైవింగ్ నేర్చుకోండి. అక్కడ కారు నడపడం రాకపోతే కొత్తిమీర కట్టకు కూడా మీవారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. మీ దిగులులో సగం అదేనని నా అనుమానం. తర్వాత దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. చిరునామా రుజువు చూపిస్తే స్థానికులకు కార్డు ఉచితం. చాలాచోట్ల ఇంగ్లిష్ మాట్లాడుకునే బృందాలూ, అల్లికలు నేర్పేవాళ్లూ ఉంటారు. తెలుగువాళ్లు కాని స్నేహితులు దొరికేది అక్కడే.

హెచ్-4 మీద చదువుకోవచ్చు, వీసా మార్చుకోనక్కర్లేదు. ఉద్యోగానికి మాత్రం వర్క్ పర్మిట్ ఉండాలి. మీవారి గ్రీన్‌కార్డు పిటిషన్‌కు (ఐ-140) ఆమోదం వస్తే ఆ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, 2015 నుంచి ఈ వెసులుబాటు ఉంది. ఈలోగా ‘జీతం లేకుండా చేసిపెట్టండి, అనుభవం వస్తుంది’ అనే కంపెనీల జోలికి పోకండి. జీతమిచ్చి చేయించే పని ఊరికే చేసినా చిక్కే. ఫుడ్ బ్యాంకులో సరుకులు సర్దడంలాంటి సేవకు అడ్డు లేదు.

అన్నట్టు, అమ్మకు ఫోన్ మధ్యాహ్నం చేయకండి, ఇండియాలో అప్పుడు అర్ధరాత్రి. పొద్దున ఎనిమిదికైతే ఆవిడ తీరిగ్గా మాట్లాడతారు.