లోహం లేని పిల్లాడు

ఈ నెల రోటి పచ్చళ్ల గురించి చెబుతానని మాటిచ్చాను గానీ, మధ్యలో ఓ చైనా కుర్రాడు అడ్డం పడ్డాడు.

మా చెల్లెలి కొడుకు కూర్మన్నపాలెంలో మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. మొన్న కాలేజీలో మార్కులు చూసి సెక్షన్లు విడగొట్టారు. వీడు ఆఖరి దాంట్లో పడ్డాడు. ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశాడు. పడుకున్నాడనుకుంటే దుప్పట్లో ఫోను వెలుగు! తిడదామని లాక్కున్నాను. తిరిగివ్వడానికి నాకే నాలుగు రోజులు పట్టింది.

వాడు చదువుతున్నది వాంగ్ యూ అనే చైనా రచయిత 2008లో ఇంటర్నెట్‌లో మొదలుపెట్టి 2013 దాకా రాసిన నవల. 2,400 పైచిలుకు అధ్యాయాలు. మన టీవీ సీరియళ్లు దాని ముందు ఏపాటి! ఓ మామూలు మనిషి చావులేనివాడయ్యే కథ. ఆ మామూలు మనిషే హాన్ లీ, పేద పల్లె పిల్లాడు.

ఆ లోకంలో సాధన చేసి శక్తి కూడబెట్టుకుంటే ఆయుష్షు వందల ఏళ్లు పెరుగుతుంది. కాకపోతే పుట్టుకతోనే ఒంట్లో మూలం ఉండాలి. మన పంచభూతాల్లో గాలి, ఆకాశం తీసేసి చెక్క, లోహం పెట్టుకోండి. అవీ వాళ్ల ఐదు. ఒక్కటే ఉన్నవాడు మహాజాతకుడు. రెండో మూడో అయితే ఫరవాలేదు. నాలుగైదు కలగాపులగంగా ఉంటే ఎందుకూ కొరగాడని లెక్క. హాన్ లీకి నాలుగున్నాయి. లేనిదేమిటో తెలుసా? లోహం! విశాఖ ఉక్కు ప్లాంటు పక్కన కూర్చుని చదువుతున్నానేమో, నవ్వాగలేదు నాకు.

నవ్వయ్యాక మా ఆయన పనిచేసే ఆ ప్లాంటే గుర్తొచ్చింది. దానికీ సొంత ఇనుప గని లేదు. ఖనిజం ఎక్కడో బైలదిల్లా నుంచి రైలెక్కి రావాలి. అయినా 1990లో గోదావరి అని పేరెట్టుకున్న ఫర్నేసు వెలిగింది. తర్వాత కృష్ణ, ఆ తర్వాత అన్నపూర్ణ.

ఇంకో తమాషా. మో అనే వైద్యుడు హాన్ లీని శిష్యుడిగా చేరదీస్తాడు, మందులిచ్చి సాధన చేయిస్తాడు. ఎందుకయ్యా అంటే, చివరికి ఆ కుర్రాడి ఒంట్లో తాను దూరిపోదామని! నాకు ఠక్కున ఎస్వీ రంగారావు కళ్లముందు నిలబడ్డాడు. 1951 నాటి పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి వెంటబెట్టుకెళ్లింది బలివ్వడానికేగా? రాముడేమో తోటమాలి కొడుకు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణులే 1947లో చందమామ పెట్టారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు చదివి పెరిగినదాన్ని, నాకు చైనా మాంత్రికులు కొత్తా?

కాకపోతే తోట రాముడికి తెగింపు. హాన్ లీకి ప్రాణభయం. గెలిచే పోట్లాటలోనూ ముందు పారిపోయే దారి చూసిపెట్టుకుంటాడు. అక్కడి పాఠకులు వాణ్ణి ముద్దుగా ‘పరుగుల హాన్’ అంటారట. కాలికి తగిలిన చిన్న పచ్చ సీసా ఒకటి వాడికి దొరుకుతుంది. వెన్నెల తాగి అందులో రసం చుక్క ఊరుతుంది, ఆ చుక్క పోస్తే ఏళ్ల తరబడి ఎదగాల్సిన మూలిక చకచకా ముదురుతుంది. ఈ సంగతి పిట్టకైనా చెప్పడు. మొక్కలు పెంచుకుంటాడు, మందులు నూరుకుంటాడు, నోరు మూసుకుంటాడు. అచ్చం పోపుల డబ్బాలో డబ్బు దాచుకునే మన బుద్ధే! అక్కడ నచ్చాడు నాకు.

మా చెల్లెలు ఫోన్ చేసి, “అక్కా, కష్టపడితే ఏదైనా వస్తుందని వాడికి ఆ కథే చూపించి చెప్పవే” అంది. నేను చెప్పలేదు. సీసా దొరక్కపోతే హాన్ లీ ఏ మూలో కషాయాలు కాచుకుంటూ ముసలాడైపోయేవాడు. ఆ మాట నాకంటే ముందు చదివినవాడికి తెలీదా? అందుకని పొద్దున్నే ఇడ్లీ పెడుతూ ఊరికే అడిగాను, “ఒరే, నీ సీసా ఎక్కడ దాచావురా?”

“నాకేటి సీసా పెద్దమ్మా!” అని పకాలున నవ్వాడు. సెక్షన్లు మారాక అదే మొదటి నవ్వు.

అప్పుడే సీ షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతూ, “ఏటి, అంత నవ్వులు?” అన్నారు.

“లోహం లేనోడి కథ పెదనాన్నా.”

ఆయనకేం అర్థమైందో, ఊఁ అంటూ బూట్లు దులిపారు. ఎర్రదుమ్మంతా అప్పుడే తుడిచి ముగ్గేసిన నా గుమ్మం మీద!