ఎగుమతి బియ్యం: రేవు దాకా ఖర్చే అసలు లెక్క

2025 మార్చి 31న తెలంగాణ బియ్యం 12,500 టన్నులతో కాకినాడ రేవు నుంచి ఓడ ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. రకం ఎం.టి.యు. 1010. తీరం లేని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వర్తకులు ఇందులో గమనించవలసిన లెక్క ఒకటి వున్నది.

ఎగుమతి బేరం తరచు ఎఫ్.ఓ.బి. పద్ధతిన, అనగా సరుకును ఓడకెక్కించి ఇచ్చే ధరకు కుదురుతుంది. అందులో కిరాయి, హమాలీ, గిడ్డంగి అద్దె, రేవు ఖర్చులు పోగా మిగిలినదే మిల్లు ధర. రైతుకు దక్కే ధాన్యం ధర దాన్నిబట్టే వుంటుంది. క్వింటాలుకు కిరాయి 20 రూపాయలు తగ్గితే, 12,500 టన్నులపై 25 లక్షలు మిగులుతాయి.

మిర్యాలగూడ మిల్లులకు బీబీనగర్–నడికుడి రైలు మార్గం గుంటూరు వైపు దారి చూపింది. పాలమూరులో జక్లేర్–కృష్ణా లైను 2023 అక్టోబరు 1న ప్రారంభమై, హైదరాబాద్–గోవా దూరాన్ని 102 కిలోమీటర్లు తగ్గించింది.

తీరం లేని లావోస్‌ది కూడా ఇదే సమస్య. ఆసియాన్ దేశాలు 1998లో హనోయ్‌లో సరుకు రవాణా ఒప్పందం చేసుకున్నా, ఒకే కస్టమ్స్ పత్రంపై లారీలు సరిహద్దులు దాటే విధానం 2020లో గాని అమలుకు రాలేదు.

కనుక బేరం ఖాయపరచేముందు కిరాయితోపాటు, రేవులో సరుకు నిలిచే రోజుల ఖర్చు కూడా ధరలో కలుపుకొనుట మంచిది.