మూగజీవులు – ప్రయోగశాల – మన జొన్నరొట్టె

జంతువుల మీద ప్రయోగాలు అనగానే మన కాలేజీలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "పాపం, నోరులేని జీవాలు" అంటారు కొందరు. "అవి లేకుంటే మందులెక్కడివి?" అంటారు మరికొందరు. చర్చ అక్కడితో ఆగిపోతుంది. మనలో కొందరైనా రేపు కర్నూలుకో హైదరాబాదుకో పై చదువులకు, పరిశోధనకు పోతారు. అక్కడ ఎలుకను చేత పట్టవలసి వస్తుంది. అప్పుడు పైరెండు మాటలూ అక్కరకు రావు. నియమాలు తెలిసి ఉండాలి.

ముందుగా మన తిండికి సంబంధించిన సంగతి ఒకటి. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో జొన్నరొట్టె తినకుండా పెరిగినవాళ్లు అరుదు. జొన్నే ప్రధానాహారంగా బతికిన దక్కను పీఠభూమి పేదలలో ఒకప్పుడు పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. నయాసిన్ అనే విటమిను లోపం దీనికి మూలం. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి దీనితో సంబంధం ఉందని 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా ప్రతిపాదించారు. వారు పనిచేసిన హైదరాబాదు పరిశోధనశాలే తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ కుక్కలకు జొన్న ఆహారం పెట్టి పరిశీలించారు. వాటికి నల్లనాలుక జబ్బు వచ్చింది. కుక్కల్లో పెల్లాగ్రా అంటే అదే. ల్యూసిన్ వాదం మీద తర్వాత శాస్త్రజ్ఞుల మధ్య చాలా వాదోపవాదాలు నడిచాయి, అది వేరే విషయం. రొట్టె తినే మనం ఆ కుక్కలకు ఎంతో కొంత బాకీ ఉన్నామని మాత్రం నాకనిపిస్తుంది. అందుకే ప్రయోగాలన్నీ పాపమే అనే మాటను నేను ఒప్పుకోలేను. అలాగని చేసిందంతా ఒప్పే అని కూడా అనలేను.

చట్టం కూడా ఈ మధ్యదారినే పట్టింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం జ్ఞానాభివృద్ధికి, ప్రాణరక్షణకు, జబ్బుల నివారణకు ప్రయోగాలను అనుమతించింది. దానితోపాటు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. కోత అవసరమైన ప్రయోగాలు వీలైనంతవరకు మత్తు ఇచ్చి చేయాలి. కోలుకున్నా తీవ్రంగా బాధపడవలసిన స్థితి వస్తే, ఆ జంతువును స్పృహ రాకముందే బాధ లేకుండా చంపాలి. కేవలం చేతి నైపుణ్యం కోసం ప్రయోగం చేయరాదు. పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో పాఠం చెప్పగలిగినచోట జంతువు జోలికి పోరాదు.

ఇదే చట్టం కింద 1965లో బండి లాగే పశువులకూ నియమాలు వచ్చాయి. రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించరాదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 వరకు బండి కట్టరాదు. ముల్లుకర్ర వాడరాదు. మే నెలలో ఆదోనిలో ఈ నియమం పాటిస్తే మధ్యాహ్నం ఒక్క ఎద్దులబండి కదలదు! సేద్యగాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇక మన డిగ్రీ తరగతుల మాట. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2011లో జంతువుల కోతలను తగ్గించమని చెప్పి, 2014లో పూర్తిగా ఆపమంది. కప్పను కోయకుండా జువాలజీ ఏం వస్తుందని పాత విద్యార్థులు మనల్ని ఎగతాళి చేస్తుంటారు. అందులో కొంత నిజముంది. చార్టులో గుండె కొట్టుకోదు. కానీ ఏటేటా అదే కప్పను అన్ని కాలేజీల్లో కోసి, పుస్తకంలో ఉన్నదే మళ్లీ చూడడం పరిశోధన కాదు కదా. తుంగభద్ర దిగువ కాలువ కింద వరిమళ్లలో కప్పలు ఏ నెలలో కూస్తున్నాయి, ఏ పురుగులను తింటున్నాయి అని రాసుకుంటే అది కొత్త పాఠమవుతుంది.

పరిశోధన స్థాయిలో ప్రపంచమంతా అనుసరించే సూత్రాలు మూడు. రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు 1959లో చెప్పారు: జంతువుకు బదులు వేరే పద్ధతి వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం. మన దేశంలో కేంద్ర కమిటీ నాలుగోది చేర్చింది, పునరావాసం. ప్రయోగం అయిపోయిన తర్వాత జంతువు పోషణ బాధ్యత కూడా పరిశోధకులదే, ఆ ఖర్చు పరిశోధన ఖర్చులో భాగమే. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఇదే. కాడి మోయలేని ముసలి ఎద్దును కొట్టంలో ఉంచుకుని మేపాలని ఏ రైతుకు ఉండదు? కరువు ఏడు గడ్డిమోపు ధర అడిగి వచ్చాక ఆ మాట నోట రాదు. సంతకు తోలుకుపోయే రోజున ఇంట్లో ఆడవాళ్లు బయటికి రారు. రైతు పెట్టలేని ఖర్చును ప్రయోగశాల ముందుగానే లెక్కలో రాసి పెట్టవలసి ఉంటుంది. రాయకుంటే అడిగేవాళ్లుండాలి.

అడగడానికే ప్రతి సంస్థలోనూ నైతిక కమిటీ ఉంటుంది. 1998 నాటి నియమాలతో వచ్చిన ఏర్పాటు ఇది. అందులో శాస్త్రజ్ఞులు, పశువైద్యుడు, బయటి సంస్థ శాస్త్రజ్ఞుడు, కేంద్ర కమిటీ మనిషితోపాటు శాస్త్రంతో సంబంధం లేని సామాజిక స్పృహ గల సభ్యుడు ఒకరు ఉండాలి. ఆ కుర్చీలో మామూలుగా చదువుకున్న పెద్దమనిషినే ఊహించుకుంటాం. పశువులతో బతికిన మనిషి ఎందుకు కూర్చోకూడదు?

బాధను గుర్తించడం వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. నెమరు ఆగినా, ముట్టె తడి ఆరినా, చెవులు వాలినా, మా ఇండ్లలో పసరానికి ఒళ్లు బాగా లేదని వెంటనే చెప్పేస్తారు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో చుంచెలుక ముఖం చూసి బాధను కొలిచే పద్ధతి ప్రకటించారు. కన్ను ఎంత మూసింది, చెవి ఎటు తిరిగింది, మీసం ఎట్లా ఉంది అని చూసి 0, 1, 2 మార్కులు వేస్తారు. కొట్టంలో చూపుతో చేసేదానికి అక్కడ అంకెలు వచ్చాయి.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దులు కొనేవాళ్లను చూడండి. పండ్లు చూస్తారు, సుళ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. అమ్మేవాడు ఎంత పొగిడినా వినరు. అటువంటి మనిషి కమిటీలో కూర్చుంటే మొదట అడిగేది ఒకటే: "నలభై ఎలుకలంటున్నావు, ఇరవైతో ఎందుకు కాదు?" అనుమతి కోసం నింపే బి ఫారంలోనూ ఆ సంఖ్యకు కారణం రాయమంటారు.