సంగీతసభకు శ్రోతలను, కళాకారునకు పోషకులను సమకూర్చు వృత్తి

నంబులపూలకుంట మండలమున డిగ్రీ ముగించిన విద్యార్థి యెదుట సాధారణముగా మూడు మార్గములు కానవచ్చును: పెనుకొండ చెంత ఎర్రమంచిలో 2019 నుండి కార్లను తయారుచేయుచున్న కియా కర్మాగారమునందో దాని యనుబంధ సంస్థలయందో కొలువు వెదకికొనుట, బెంగుళూరునకు బస్సెక్కుట, పోటీపరీక్షలకై అనంతపురమున గది యద్దెకు తీసికొని చదువుట. 2016లో ఎన్‌టీపీసీ వారు ఈ మండలమునందే 250 మెగావాట్ల సౌరవిద్యుత్తును ఉత్పత్తి చేయ నారంభించిరి గాని, సౌరఫలకములు నిలుపునపుడు కావలసినంతమంది పనివారు అవి నిలిచిన పిమ్మట కావలసియుండరు. ఈ మూడు మార్గములను నేను కాదనను. చేతిలో ఫోనును, చెవిలో సంగీతమును, మనసులో తన ఊరి కళాకారులపై మమకారమును గల యువతీయువకులకు నాల్గవ మార్గ మొకటి తెరచియున్నదని చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము. సంగీత కళాకారులు అంతర్జాలమున ప్రత్యక్షప్రసారముగా నిచ్చు కచేరీలకు సామాజిక మాధ్యమములద్వారా శ్రోతలను రప్పించి, ఆ శ్రోతలలో కొందరిని ధనమిచ్చి పోషించు అభిమానులుగా నిలుపుట ఆ మార్గము.

ఈ సీమకు గల మూలధనము

కళకు ఈ ప్రాంతమున కొరత లేదు. లేపాక్షి నాట్యమండపమున తుంబురుడు, మద్దెల వాయించు బ్రహ్మ మొదలగు వాద్యకారులు రంభా నృత్యమునకు సహకరించుచు నేటికిని శిలారూపమున నిలిచియున్నారు. ధర్మవరము మండలములోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట జీవించియున్నది. ఆ గ్రామపు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. తెరపై బొమ్మ లాడుచుండగా తెర వెనుక హార్మోనియము, మృదంగము, తాళములతో సాగు గానమే ఆ ఆటకు ప్రాణమని చూచినవా రెరుగుదురు. ఊరూర చెక్కభజన, కోలాటము, ఉరుములు, తిరునాళ్ళలో పద్యనాటకములు, పుట్టపర్తిలో శాస్త్రీయ సంగీతము నేర్పు కళాశాల, ఇవన్నియు ఒక్క దినములో పోయిరాగల దూరమున నున్నవి.

శ్రోతలను సమకూర్చు విద్యయు మనకు క్రొత్తది కాదు. ధర్మవరమున 1853లో జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు గారు తెలుగు నాటకమున పాటను ప్రవేశపెట్టి, బళ్ళారిలో సరస వినోదినీ సభను స్థాపించి, ఆంధ్రనాటక పితామహులైరి. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో అంకురించిన నాటకసమాజము తరతరములుగా ఊరూర గుడారములు వేసి, టిక్కెట్టుకొని చూచు ప్రేక్షకులచేతనే జీవించినది. ఆట బాగుండుట యొక యెత్తు. ఆట యున్నదని తగినవారికి తగిన వేళ తెలియుట మరియొక యెత్తు. ఆ రెండవ భారమును వహించువానికే నేడు సోషల్ మీడియా మేనేజరనియు, ఆర్టిస్టు మేనేజరనియు పేరు.

కీర్తి వేరు, జీవిక వేరు

ఈ వృత్తిలో ప్రవేశింపగోరువారు మొట్టమొదట గ్రహింపవలసిన సత్య మొకటి కలదు. పన్నెండుమెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్య గారి కంఠము 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటద్వారా దేశదేశములలోని తెలుగువారికి వినబడినది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. అయినను 2024లో ఆయన కట్టడపు పనికి కూలిగా పోవుచున్నారని పత్రికలు ప్రకటించినవి. కోట్లమంది విన్న కళాకారుడు కూలికి పోవలసివచ్చెనన్నచో, వినినవారికిని ఆయనకును నడుమ నిలుకడయైన వారధి యేదియు ఏర్పడలేదని యర్థము. ఆ వారధిని నిర్మించుటయే ఈ వృత్తి.

మన జిల్లాల చరిత్రలోనే ఆశ కలిగించు దృష్టాంతమును కలదు. గుత్తి మండలమునందలి యొక తండాలో జన్మించి, తిరుపతిలో సంగీతము నభ్యసించిన మంగ్లీ, టీవీలో ముఖపరిచయము సంపాదించి, బతుకమ్మ, సంక్రాంతి, శివరాత్రి వంటి పర్వముల కనుగుణముగా యూట్యూబున పాటలు వెలువరించుచు, సినిమా గాయనిగా స్థిరపడిరి. పండుగ వచ్చుచున్నదనగా ఆమె పాటకై జనులు ఎదురుచూచునట్లు చేసిన ఆ క్రమబద్ధతను ప్రచారకుడు పాఠముగా స్వీకరింపవలెను.

అమెరికా రచయిత కెవిన్ కెల్లీ 2008లో, కళాకారుడు జీవించుటకు లక్షలాది జనులక్కరలేదు, వేయిమంది నిజమైన అభిమానులు చాలునని ప్రతిపాదించెను. జాక్ కాంటే అను సంగీతకారుడు సహస్థాపకుడుగా 2013లో వెలసిన పేట్రియాన్ సంస్థ ఈ దారినే నడచినది. మన లెక్కలో చెప్పవలెనన్నచో, నెలకు 100 రూపాయలు చెల్లించు సభ్యులు 300 మంది యున్న చానెలునకు 30,000 రూపాయలు వచ్చును. అందు యూట్యూబు తన 30 శాతమును మినహాయించుకొనగా 21,000 మిగులును. పన్నులు మొదలగువానిచే ఇంకను కొంత తగ్గవచ్చును. లక్షమంది చూచి మరచిన రీలుకంటె ఈ మూడువందల మంది యొక కుటుంబమునకు ఎక్కువ ఆధారము.

పని సాగవలసిన తీరు

ఒకే కచేరీని నాలుగు వేదికలపై ఒక్కమారు వెదజల్లుట ప్రారంభకులు తరచుగా చేయు పొరపాటు. సభ యొక్కచోట నుండవలెను, ఆహ్వానము మాత్రమే అన్ని వీథులలోను తిరుగవలెను. యూట్యూబును సభాస్థలిగా నెంచుకొన్నచో, ఇన్‌స్టాగ్రాము ఆ కళాకారుని యెరుగనివారికి ముప్పది నలుబది సెకండ్ల రుచి చూపుటకును, ఫేసుబుక్కు ఊరివారిని, పెద్దలను పలుకరించుటకును, వాట్సాప్ ముందునాటి సాయంకాలమును, ఆరంభమునకు పదినిమిషముల ముందును జ్ఞాపకము చేయుటకును ఉపయోగింపవలెను. ప్రతి చిన్న వీడియో చివరను తేది, వేళ, లంకె స్పష్టముగా నుండవలెను. ఆహ్వానపు భాష కరపత్రపు భాషవలె బిగిసియుండక, మనవాడు మనవానితో మాటాడునట్లుండవలెను: “అన్నా, ఆదివారం పొద్దున ఏడు గంటలకు మన ఊరి చెక్కభజన లైవ్ వస్తాంది. అమ్మోళ్ళకు గూడా చూపించు.” ఇట్టి రెండు మాటలు కువైటులో నున్నవానిచేత ఇంటికి ఫోను చేయించును.

కాలనిర్ణయము ఈ వృత్తిలో శాస్త్రమంతటి విషయము. భారతదేశమున ఆదివారము ఉదయము 7 గంటలనగా, వేసవిలో న్యూయార్కున శనివారము రాత్రి 9:30, కాలిఫోర్నియాలో సాయంత్రము 6:30. చలికాలమున అచ్చట మరియొక గంట ముందు. అమెరికాలోని తెలుగు కుటుంబమునకు అది తీరిక వేళ. అదే సమయమున కువైటులో తెల్లవారుజామున 4:30. కావున రాయచోటి, కదిరి ప్రాంతములనుండి కువైటునకు పోయిన శ్రామికులను ఉద్దేశించిన కచేరీని వారి సెలవుదినమైన శుక్రవారము సాయంత్రము 7 గంటలకు, అనగా మనకు రాత్రి 9:30కు ఏర్పరుపవలెను. శ్రోత ఎచ్చటనున్నాడో, ఏ దినమున విశ్రమించునో ఎరుగనివాడు ఎంత ధనము వెచ్చించి ప్రకటనలిచ్చినను సభను నింపజాలడు.

ధనము నడుగుటయందు మర్యాద పాటింపవలెను. పల్లెలో పద్యనాటకము చూచినవా రెల్లరు నెరిగినదే: పద్యము రక్తికట్టినపుడు ప్రేక్షకుడొకడు నోటు పంపును, ఫలానా గ్రామవాస్తవ్యులు ఇంత బహూకరించిరని మైకులో చదువుదురు, ఆ పేరు వినగనే మరియొకరు లేతురు. యూట్యూబు 2017లో ప్రవేశపెట్టిన సూపర్ చాట్ ఈ చదివింపునకే యంత్రరూపము. కాబట్టి రాగము నడుమ అడ్డుపడి యాచింపక, పాటకును పాటకును మధ్య దాతల పేర్లు చదివి, ఏ ఊరినుండి వినుచున్నారో చెప్పి, వారు కోరిన పద్యమును పాడించినచో, ఇచ్చినవానికి తృప్తియు, ఈయనివానికి ప్రోత్సాహమును కలుగును. సభ ముగిసిన మరునాడు ప్రతి దాతకును కళాకారుని కంఠముతో ఒక చిన్న కృతజ్ఞతా సందేశము పంపుట మరువరాదు. మొదటిమారు ఇచ్చినవాడు రెండవమారు వచ్చుట దీనిపైననే యాధారపడియుండును.

నియమములు, హక్కులు

యూట్యూబున సూపర్ చాట్, సభ్యత్వము మొదలగు సౌకర్యములు పొందుటకు 500 మంది చందాదారులు, 90 దినములలో 3 వీడియోలు, ఏడాదిలో 3,000 గంటల వీక్షణము గాని 90 దినములలో 30 లక్షల షార్ట్స్ వీక్షణములు గాని కావలెను. ఫోనునుండి ప్రత్యక్షప్రసారము చేయుటకు 50 మంది చందాదారులుండవలెను. మొదటి ప్రసారమునకు అనుమతి లభించుటకు 24 గంటలవరకు పట్టవచ్చును గనుక, సభకు ముందునాడు కాక వారమునకు ముందే ఆ పని ముగించుకొనవలెను. ఇన్‌స్టాగ్రాము 2025 నుండి ప్రత్యక్షప్రసారమునకు 1,000 మంది అనుచరులుండవలెనని విధించినది. ఇట్టి నియమములు మారుచుండును కావున ప్రతి ప్రారంభమునకు ముందును సరిచూచుకొనుట మంచిది. అమెరికాలోని వీక్షకులవలన వచ్చు ఆదాయముపై 2021 నుండి ఆ దేశపు పన్ను కోయబడుచున్నది. పాన్ సంఖ్యతో పన్ను పత్రమును నింపినచో ఉభయదేశముల ఒప్పందము ననుసరించి 15 శాతమే పోవును, నింపనిచో మొత్తము ఆదాయముపై 24 శాతమువరకు పోవచ్చును. అక్షరజ్ఞానము తక్కువగా గల కళాకారునకు ఈ యొక్క పత్రమును నింపిపెట్టుటయే గొప్ప సేవ.

హక్కులయందు మరింత జాగరూకత వలయును. సినిమా పాట పాడినచో ఆ ప్రసారపు ఆదాయము హక్కుదారునకు పోవచ్చును, ప్రసారమే ఆగిపోవచ్చును. రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరములవరకు హక్కు నిలిచియుండుట మన చట్టము. అన్నమాచార్యుల సాహిత్యము అందరిది. కాని ఆ సంకీర్తనలకు స్వరరచన చేసిన, మన అనంతపురము జిల్లా రాళ్ళపల్లివారైన అనంతకృష్ణశర్మ గారు 1979లో దివంగతులైరి గనుక, ఆయన కూర్చిన వరుసలవిషయమున 2039వరకు హక్కుల ప్రసక్తి యుండును. పరంపరాగతమైన భజనలు, పూర్వనాటకపద్యములు, కళాకారుల సొంత రచనలు, ఈ మూడును ప్రారంభకునకు క్షేమకరములు. అందును ఏది పూర్వపుదో, ఏది నిన్నటిదో విచారించి నిర్ణయింపవలెను. ఉరుములవంటి దేవతారాధన సంబంధమైన కళను పెద్దల అనుమతి లేనిదే ప్రసారము చేయరాదు.

అర్హత, శిక్షణ, ప్రతిఫలము

ఈ పనికి ప్రత్యేకమైన పట్టా యేదియు నిర్బంధము కాదు. బి.ఏ. చదివినవాడును, బి.టెక్. చదివినవాడును ఒకే గీతనుండి బయలుదేరుదురు. తెలుగున తప్పులు లేకుండ వ్రాయుట, వీడియో కత్తిరించుట, శబ్దమును శుభ్రముగా గ్రహించుట, లెక్కలు వ్రాయుట, ఈ నాలుగును అవసరము. ఓబీఎస్ స్టూడియో అను ఉచిత సాఫ్టువేరుతో ప్రసారమును, గూగుల్, మెటా సంస్థలు ఉచితముగా నందించు పాఠములతో ప్రకటనల పద్ధతిని నేర్చుకొనవచ్చును. బొమ్మ కొంచెము మసకగా నున్నను శ్రోత సహించును, శబ్దము తెగినచో క్షణములో లేచిపోవును. కావున మొదటి రూపాయి మైకుపైన, రెండవది నెట్టుపైన, మిగిలినచో కెమెరాపైన వెచ్చింపవలెను. 720 పిక్సెళ్ళ ప్రసారమునకు సెకనునకు సుమారు 4 మెగాబిట్ల అప్‌లోడు వేగము కావలెను. సభాస్థలమున అదే వేళకు ముందురోజు పరీక్షించి చూడనిదే సభ ప్రకటింపరాదు.

ఈ నైపుణ్యము గలవారికి సంగీతసంస్థలలో, టీవీ చానెళ్ళలో, ఉత్సవనిర్వాహక సంస్థలలో వీడియో ఎడిటరుగా, లైవ్ టెక్నీషియనుగా, సోషల్ మీడియా నిర్వాహకుడుగా అవకాశములున్నవి. సొంతముగా కళాకారునితో పని చేయదలచినచో, ఒప్పందము వ్రాతపూర్వకముగా నుండవలెను. చానెలు కళాకారుని పేర నుండవలెను. యూట్యూబు సంకేతపదము నడుగక, అనుమతులద్వారా నిర్వాహకుడుగా చేరవలెను. ధనము నేరుగా కళాకారుని బ్యాంకు ఖాతాలోనికి పోవలెను. తన ప్రయత్నమువలన వచ్చిన ఆదాయములో ఐదవవంతు వంటి స్పష్టమైన భాగమును ప్రచారకుడు పొందవలెను. అనుచరులను కొనిపెట్టెదమను సంస్థలకు ఒక్క రూపాయియు నీయరాదు; కొన్న అనుచరుడు పాట వినడు, చదివింపు చదివింపడు.

మొదటి మూడు మాసములు

చదువుచుండగనే ఈ పనిని పరీక్షించుకొనవచ్చును. మొదటి మాసమున ఒక్క కళాకారుని, లేక ఒక్క బృందమును ఎంచుకొని, వారి యొద్ద గల పాటల పట్టిక వ్రాసికొని, హక్కులు విచారించి, కొన్ని చిన్న వీడియోలు తీయుము. తిమ్మమ్మ మఱ్ఱిమానువద్ద శివరాత్రి తిరునాళ్ళవలెను, కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవములవలెను జనులు స్వయముగా తలచుకొను పర్వమును లక్ష్యముగా పెట్టుకొనుము. రెండవ మాసమున ప్రతివారమును ఒకే దినమున, ఒకే వేళకు ఒక గంట ప్రసారము చేయుము. నలుగురే విన్నను వేళ మార్చకుము. మూడవ మాసమున ధనమిచ్చు మార్గమును తెరచి, ఎందరు చూచిరో, ఎందరు అర్ధగంట నిలిచిరో, ఎందరు మరల వచ్చిరో, ఎందరు ఇచ్చిరో నాలుగు వరుసలలో వ్రాయుము. ఈ నాలుగింటిలో మొదటి సంఖ్య పెరిగి కడపటి రెండును పెరుగనిచో, ప్రచారము సాగుచున్నది గాని పోషణ ఆరంభము కాలేదని తెలిసికొనుము.

ఆ పట్టికయే నీ మొదటి యోగ్యతాపత్రము. ఏ సంస్థకు దరఖాస్తు చేసినను, డిగ్రీ పత్రముతోపాటు దానిని చూపుము. ఒక భజన బృందమునకు ముప్పదిమంది నెలనెల పోషకులను సంపాదించినవాని మాటను ఉద్యోగమిచ్చువాడు శ్రద్ధగా వినును. బెంగుళూరులోని ప్రచారసంస్థకు పరికరములు, ధనము, అనుభవము నీకంటె ఎక్కువగా నుండవచ్చును. కాని ఏ పద్యమునకు మీ తాత కన్నులు చెమర్చునో, కువైటులోని మీ మామ ఏ పాటను మరల మరల కోరునో ఆ సంస్థకు తెలియదు, నీకు తెలియును. ఆ తెలివిడిని పనిగా మార్చి, మన కళాకారులు చేసిన కళకు వారి జీవితకాలముననే ప్రతిఫలము నందించుటకు పూనుకొనుము. అందు నీకును గౌరవప్రదమైన జీవిక లభించును.